మూల సీటు

పోయిన వారం కథ ఒక సంతకం దగ్గర ఆగింది. డ్రైవింగ్ మాస్టారు మెట్ల మీద కుప్పకూలిన మధ్యాహ్నం ఆయన భార్య అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే గంట మోగుతూనే ఉంది. పెట్టేసి మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. మూడోసారి చేస్తే గానీ బండి కదల్లేదు. మాస్టారు బతికారు, మాట పడిపోయింది. ఆ మొదటి రెండు ఫోన్లూ వచ్చి పడింది కంట్రోల్ రూములో మూల సీటుకి. ఆ సీట్లో కూర్చుని ఉన్నది పిచ్చుక వాళ్ళ వదిన. "నేను బటన్ నొక్కాను, తెర తెరుచుకోలేదు" అని ఆమె మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఇంజనీర్లు వచ్చి అదే సీట్లో పదే పదే నొక్కి చూశారు, తెర రెప్పపాటులో తెరుచుకుంది. పైగా ఫోన్లు ముమ్మరంగా ఉన్నప్పుడు వదిన చురుగ్గానే ఉందనీ, సందడి తగ్గిన వేళల్లోనే ఆమె జవాబు ఆలస్యమైందనీ రికార్డుల్లో తేలింది. అంటే కునుకు తీస్తోందన్నమాట అన్నారు. "విధుల్లో కన్ను మూతపడింది" అని రాసిన కాగితం మీద ఈ మధ్యాహ్నం ఆమె సంతకం పెట్టాలి.

పై అంతస్తులో ఆ కాగితం టైపవుతున్న వేళకి, కింద కంట్రోల్ రూములో వదిన ఆడపడుచు పిచ్చుక మూల సీటు పక్కనే నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. అదే సంస్థలో నెట్‌వర్క్ ఇంజనీరు ఆమె. చిన్నప్పుడు ఒకచోట నిలబడేది కాదని అన్నయ్య పిచ్చుక అని పిలిచేవాడు. ఆ పేరు ఇంట్లోంచి ఆఫీసుకి కూడా ఎగిరొచ్చి అక్కడే గూడు కట్టుకుంది.

వదినని పక్కన పెట్టాక మూల సీట్లో ఎవరినీ కూర్చోబెట్టలేదు. దానికి నిజం ఫోన్లు రాకుండా ఆపేశారు. పిచ్చుక ఒక పరీక్ష ఫోను పెట్టించుకుని బటన్ నొక్కింది. తెర తెరుచుకుంటేనే ఫోను కలుస్తుంది. అది తెల్లగా ఉండిపోయింది. ఫోను మోగుతోంది. మళ్ళీ నొక్కింది. మోగుతూనే ఉంది. ఇక పనిచెయ్యదేమో అనుకున్నాక తెరుచుకుంది. గబగబా ఇంకో ఫోను పెట్టించింది. ఈసారి వేలు తియ్యకముందే వచ్చేసింది.

ఇంకోసారి నొక్కబోయి ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన ఇంజనీర్లందరూ చేసింది అదే. నొక్కారు, నొక్కారు, నొక్కిన కొద్దీ బాగుపడింది. రోగిని చూడ్డానికి వెళ్ళి, ఆ చూడ్డంతోనే నయం చేసి, రోగమే లేదని రాసిచ్చి వెళ్ళిపోయారు.

"కాసేపు దీన్నెవరూ ముట్టుకోకండి" అంది.

సూపర్‌వైజరమ్మ దగ్గరికి వచ్చింది. "ఏంటే, పసిపిల్ల లేస్తుందేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చున్నావు?"

"అది నిద్రపోవాలనే చూస్తున్నానండీ."

ఇద్దరూ ఎదురుచూశారు. పక్క సీట్లలో ఫోన్లు ఒకటీ అరా వస్తున్నాయి. పిచ్చుక మళ్ళీ నొక్కింది. తెర మళ్ళీ తెల్లబోయింది. ఈసారి ఆమె తెర వైపు చూడలేదు, ఒళ్ళో లాప్‌టాప్‌లో పాకుతున్న వరసల వైపు చూసింది. 

"దొరికింది" అంది. 

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

"ఈ మిషన్లకి అంకెలు తప్ప పేర్లు తెలీవండీ. మ్యాపులున్న సర్వర్ ఎక్కడుంది, బళ్ళ వివరాలున్న సర్వర్ ఎక్కడుంది అని ఎవరినో ఒకరిని అడగాలి. ఆ చెప్పేదీ ఒక సర్వరే. ఫలానా రెండు చోట్ల అడుగు అని దీనికి రాసి పెట్టారు. మొదటి చోటికి వెళ్ళి అడుగుతోంది. అక్కడ పలికేవాళ్ళు లేరు. చూసి చూసి రెండో చోటికి వెళ్తోంది. అక్కడ వెంటనే చెప్తున్నారు. కానీ ఈ తెర తెరుచుకోవడానికి బోలెడు పేర్లు కావాలి. ఇంకో పేరు కోసం మళ్ళీ మొదటి చోటికే వెళ్తోంది."

"పలకని గుమ్మం దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళడమేంటి? బుద్ధి లేదూ?"

"మిషను కదండీ. చెప్పింది చేస్తుంది."

"మరి రెండోసారి నొక్కితే ఠక్కున ఎలా వచ్చింది?"

"విన్న జవాబు కాసేపు గుర్తుంటుంది. తర్వాత మర్చిపోతుంది. ఫోన్లు వరసగా వస్తుంటే మర్చిపోయే తీరికే ఉండదు. ఫోన్లు లేనప్పుడే…"

ఆమె పూర్తి చెయ్యనక్కర్లేకపోయింది. ఆ గదిలో ఫోన్లు మొదటి సీటు నుంచి మొదలై, ముందున్న వాళ్ళంతా పనిలో ఉంటేనే మూలకి వస్తాయి. అందరికంటే ఎక్కువసేపు ఖాళీగా ఉండేది మూల సీటే. సూపర్‌వైజరమ్మ కుర్చీ లాక్కుని కూలబడింది.

"నొక్కానని ఏడ్చిందే ఆ పిల్ల. నా ముందే ఏడ్చింది." కొంచెం ఆగి, "ఆ కాగితం హెచ్చరికతో పోయేది కాదు, తెలుసా నీకు? మాస్టారి వాళ్ళు పోలీసుల దగ్గరికి వెళ్ళారు. సంతకం పడగానే దాని నకలు అటు పోతుంది" అంది.

పిచ్చుక లేచి నిలబడింది. పలకని ఆ మొదటి చోటి అంకె ఏ సర్వర్‌దో తనకి తెలీదు. తెలిసిన మనిషి ఒక్కడే.

సర్వర్ గదిలో చలి వేస్తుంది. ఫ్యాన్ల హోరులో పక్క మనిషి మాట వినాలంటే దగ్గరికి జరగాలి. అన్నయ్య ఒక బీరువాలాంటి చట్రం తలుపు తెరిచి కేబుళ్ళు సర్దుతున్నాడు. నెట్‌వర్క్ విభాగానికి పెద్ద అతను. అమ్మా నాన్నా పోయాక పిచ్చుకని చదివించిందీ అతనే, ఈ పని నేర్పించిందీ అతనే. పెళ్ళై వదిన ఆ ఇంటికి వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ భోజనాల దగ్గర కూడా సర్వర్ల గురించే మాట్లాడుకునేవాళ్ళు. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. నాకు కలిసొచ్చింది ఒకటిన్నర మొగుడు, ఆ మొత్తానికీ నా మాట వినపడదు" అని వదిన నవ్వుతూనే అనేది. ఆడపడుచూ వదినా ఎప్పుడూ పోట్లాడుకోలేదు. అలాగని మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు.

"అన్నయ్యా, దొరికింది."

"ఏంటి?"

"వదిన అబద్ధం చెప్పలేదు. పేరు అడిగే దగ్గర ఆగిపోతోంది. మొదటి డీఎన్ఎస్ సర్వర్ పలకట్లేదు."

అన్నయ్య కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆ జాడ్యం అన్ని సీట్లకీ ఉండే ఉంటుంది. మూల సీటుకి ఫోన్లు తక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ బయటపడుతుంది, అంతే" అన్నాడు.

అవునన్నట్టు తలూపింది పిచ్చుక. ఊపుతున్న తల మధ్యలో ఆగింది.

"నేనింకా ఆ మాట చెప్పలేదు."

"ఏ మాట?"

"మిగతా సీట్ల మాట చెప్పలేదు. ఫోన్లు తక్కువైతే ఆగుతుందని చెప్పలేదు. అది పట్టుకోడానికి నాకు పొద్దుట్నుంచీ పట్టింది. నువ్వు కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పేశావు."

"అనుభవం" అన్నాడు.

"అన్నయ్యా."

అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. "గట్టిగా మాట్లాడకు."

"ఇక్కడ అరిచినా ఎవరికీ వినపడదు. ఆ అంకె ఎవరిది?"

"పాత సర్వర్‌ది. బాగా పాతబడిపోయిందని తీసేశాను. అన్ని విభాగాల్లోనూ కొత్త అంకె మార్పించాను. కంట్రోల్ రూము సీట్లు వేరేగా మార్చుకోవాలి. తర్వాత చూద్దామనుకుని మర్చిపోయాను. మనిషన్నాక మర్చిపోడా?"

"మర్చిపోతాడు. నేనూ మర్చిపోతాను. మళ్ళీ ఎప్పుడు గుర్తొచ్చింది, అది చెప్పు."

అతను ఒక కేబుల్ చేతిలోకి తీసుకున్నాడు. "మాస్టారి సంగతి విన్న మర్నాడు."

పిచ్చుక చట్రానికి ఆనుకుంది. వెనకనుంచి వేడిగాలి వీపుకి కొడుతోంది. మొన్న వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పటి మాటలు చెవిలో పడ్డాయి. కంచంలో అన్నం కెలుకుతూ వదిన అంది: "నాకే అనుమానమొస్తోందండీ, నిజంగానే కన్ను మూతపడిందేమో. అందరూ అంటుంటే ఏమో అనిపిస్తోంది." ఎదురుగా కూర్చున్న అన్నయ్య మంచినీళ్ళు తాగి, "అలసిపోయి ఉంటావు, తప్పేముంది. ఒప్పేసుకో. హెచ్చరించి వదిలేస్తారు" అన్నాడు. ఎంత ప్రేమగా చెప్పాడో అని అప్పుడు అనుకుంది పిచ్చుక. 

"నిద్రపోలేదని తెలిసీ ఆవిడ చేత నిద్రపోయానని ఒప్పించావు."

"హెచ్చరికతో పోతుందని డైరెక్టరుగారే అన్నారు నాతో. నా పేరు బయటికొస్తే నన్ను ఇంటికి పంపేస్తారు. ఇద్దరం మునగడం కంటే…"

"పోలీసులకి వెళ్తుంది ఆ కాగితం."

అన్నయ్య చెయ్యి కేబుల్ మీదే ఉండిపోయింది. "ఎవరన్నారు?"

"సూపర్‌వైజరమ్మ. మాస్టారి వాళ్ళు కేసు పెట్టారట."

అతని మొహంలో రక్తం లేదు. ఆ సంగతి అతనికి నిజంగానే తెలీదు. జాలిపడటానికి ఆమెకి తీరిక లేకపోయింది.

"అది సరే. ఇన్నాళ్ళూ ఆ సీట్లు అలాగే వదిలేశావా? ఇంకో మాస్టారు పడిపోతే?"

"విచారణ అయ్యేదాకా ఏ మిషనూ ముట్టుకోవద్దన్నారు. ఒకటి రెండు రోజులే కదా అనుకున్నాను. అవి సాగిపోయాయి. తర్వాత ముట్టుకుంటే, ఎందుకు ముట్టుకున్నావంటారు." ఒక్కసారిగా అతను కదిలాడు. "ఇప్పుడు నీకూ తెలిసింది కదా. పద, ముందు అన్ని సీట్లకీ అంకె మార్చేద్దాం. నువ్వూ నేనూ ఇక్కడ వాదించుకుంటుంటే అక్కడ ఎవరి ఫోను మోగుతోందో. ప్రాణాలు ముందా, వదిన ముందా?"

అతను చెప్పింది నిజం. ఆ నిజంలోనే చిక్కు ఉంది. అన్ని సీట్లూ మార్చేస్తే ఇక ఎవరొచ్చి ఎన్నిసార్లు నొక్కినా తెర టక్కున తెరుచుకుంటుంది. లాప్‌టాప్‌లో పట్టిన ఆనవాళ్ళున్నాయి. అవి పట్టింది వదిన ఆడపడుచేగా, ఇంటి మనిషి తెచ్చిన సాక్ష్యం చెల్లుతుందా అంటారు. ఆ సంగతి తనకంటే ముందు అన్నయ్యకే తెలుసు. చిన్నప్పుడు చదరంగంలో అతను ఎప్పుడూ రెండెత్తులు ముందుండేవాడు.

"మారుస్తాను" అంది.

"నేనూ వస్తా."

"వద్దు. నువ్విక్కడే ఉండు."

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యకి అలా చెప్పడం అదే మొదలు. అతను ఉండిపోయాడు.

కంట్రోల్ రూములో సూపర్‌వైజరమ్మ మారుమాట లేకుండా తలూపింది. పిచ్చుక సీటు సీటుకీ వెళ్ళింది. ఆపరేటరు ఒక ఫోను ముగించగానే కుర్చీ పక్కకి జరిపించడం, అంకె మార్చడం, దాని పాత గుర్తులు తుడిచేసి తెర వెంటనే తెరుచుకుంటోందో లేదో చూడ్డం, తర్వాతి సీటుకి వెళ్ళడం. మధ్యలో ఒక ఫోను పడింది. ఆపరేటరు పిచ్చుక భుజం మీదుగా చెయ్యి చాపి బటన్ నొక్కి, "చెప్పండి, ఎక్కడున్నారు?" అంది. తెర అప్పటికే తెరుచుకుని ఉంది. పిచ్చుక తర్వాతి సీటుకి జరిగింది.

చివర్న మూల సీటు మిగిలింది. దానికి నిజం ఫోన్లు రావు. దాన్ని ముట్టుకోకుండా మెట్లెక్కింది.

పై గదిలో పొడవాటి బల్ల. ఒక చివర డైరెక్టరుగారు. ఆయన స్వయానా డాక్టరు, నవ్వితే పళ్ళు అరిగిపోతాయని భయపడతాడని సిబ్బంది చాటుగా అనుకుంటారు. ఇంకో చివర వదిన. ఆమె ముందు కాగితం, చేతిలో మూత తీసిన పెన్ను.

"అమ్మా, ఇక్కడ విచారణ నడుస్తోంది" అన్నాడాయన.

"సంతకానికి ముందు ఒక్కసారి కిందికి రండి సార్. మీరే మూల సీట్లో కూర్చుని చూడండి."

"ఇంజనీర్లు చూసి రాసిచ్చారు. ఇంకా చూడ్డానికేముంది?"

"వాళ్ళు మరీ ఎక్కువ చూశారు సార్. అదే చిక్కొచ్చింది."

వదిన తల పైకెత్తింది. కళ్ళ కింద నల్లటి చారలు. "వదిలెయ్ పిచ్చుకా. నువ్వు నాకోసం వాళ్ళతో మాట పడొద్దు. నేను నిద్రపోయానో లేదో నాకే తెలీట్లేదు."

డైరెక్టరుగారు ఆమె వైపు తిరిగాడు. "నీకే తెలీకపోతే ఈ కాగితం మీద సంతకం ఎలా పెడుతున్నావమ్మా?"

"అందరూ పెట్టమంటున్నారు కదండీ."

ఆయన ఒక క్షణం ఆమెనే చూశాడు. రోగి చెప్పేదానికీ కనపడేదానికీ పొంతన కుదరనప్పుడు డాక్టర్లు చూసే చూపు అది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

మూల సీట్లో ఆయన కూర్చున్నాడు. హెడ్‌సెట్ చెవులకి తగిలించుకున్నాడు. వదిన కుర్చీ వెనక నిలబడింది. సూపర్‌వైజరమ్మ దూరంగా ఉన్న ఫోను నుంచి పరీక్ష పిలుపు పంపింది. ఆయన బటన్ నొక్కాడు.

తెల్లటి తెర.

మళ్ళీ నొక్కాడు. చెవిలో గంట మోగుతున్నట్టు ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. "పాడైందా?"

"ఆగండి సార్."

ఆయన ఆగాడు. ఊపిరాడని మనిషికి అంతసేపు ఎంత కాలమో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. వేళ్ళు బల్ల మీద బిగుసుకున్నాయి. ఎట్టకేలకు తెర తెరుచుకుంది.

"ఇంకోసారి" అన్నాడు. ఈసారి వెంటనే వచ్చింది. కనుబొమలు ముడిచాడు. "ఇప్పుడు బాగానే ఉందే."

"ఇంజనీర్లు కూడా ఈ మాటే రాశారు సార్. ఇప్పుడు చేతులు తీసేసి కాసేపు ఊరికే కూర్చోండి."

 మిగతా సీట్లలో ఆపరేటర్లు గొంతు తగ్గించి ఫోన్లకి జవాబు చెప్తున్నారు. ఒక తెర తెరుచుకుంది, ఇంకోటి తెరుచుకుంది. డైరెక్టరుగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లాడిలా కదలకుండా కూర్చున్నాడు. వదిన కుర్చీ వెనక భాగాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు నొక్కండి సార్."

నొక్కాడు. తెర తెల్లగా నిలిచిపోయింది. గంట మోగుతోంది, మోగుతోంది. ఆయన ఈసారి రెండోసారి నొక్కలేదు. వెనక్కి తిరిగి వదిన మొహంలోకి చూశాడు.

"ఇంతసేపూ నేను కళ్ళు తెరుచుకునే ఉన్నానమ్మా" అన్నాడు.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నొక్కాను" అంది. ఎవరితో అంటున్నదో తనకే తెలీనట్టు ఇంకోసారి అంది. "నేను నొక్కాను." పిచ్చుక వెళ్ళి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో వదినని అంత దగ్గరగా పట్టుకోవడం అదే మొదటిసారి. ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది.

డైరెక్టరుగారు హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎందుకిలా అయిందో పిచ్చుక చెబుతుంటే చివరిదాకా విన్నాడు. సూపర్‌వైజరమ్మని పిలిచి పై గదిలో కాగితం చింపేయమన్నాడు. తర్వాత అడిగాడు:

"ఆ మొదటి సర్వర్‌ని తీసేసింది ఎవరు?"

పిచ్చుక నోరు తెరిచింది. ఆమె కంటే ముందు ఇంకో గొంతు పలికింది.

"నేనే సార్."

అందరూ తలుపు వైపు తిరిగారు. అన్నయ్య. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపట్నుంచి అక్కడ నిలబడ్డాడో ఎవరికీ తెలీదు. జుట్టు సరిచేసుకుని ఉన్నాడు. గొంతులో తొట్రుపాటు లేదు. "తీసేసింది నేనే. ఈ సీట్లలో అంకె మార్చడం మర్చిపోయాను. పొరపాటు నాదే సార్, కాదనను. ఇందాక మా చెల్లి వచ్చి చెప్తే గానీ ఆ సంగతి నాకు తెలీలేదు."

డైరెక్టరుగారు మెల్లగా తలూపాడు. తప్పు ఒప్పుకున్న మనిషిని చూసే చూపులో కాస్త మెత్తదనం కూడా వచ్చింది. సూపర్‌వైజరమ్మ నిట్టూర్చింది. అక్కడితో అయిపోయేదే.

కానీ పిచ్చుక చెయ్యి ఇంకా వదిన నడుం మీదే ఉంది. అన్నయ్య నోట ఆ చివరి మాట వచ్చినప్పుడు ఆ చెయ్యి బిగుసుకుంది. వదిన మొదట ఆ చేతిని చూసుకుంది. తర్వాత ఆడపడుచు మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనపడిందో, ఆ చెయ్యి విడిపించుకుని ఒక అడుగు ముందుకి వేసింది.

"ఏమండీ, ఇందాకేనా తెలిసింది మీకు?"

 అన్నయ్య చూపు భార్యని దాటి పిచ్చుక మీదికి పోయింది.

"చెల్లెలి వైపు కాదు" అంది వదిన. "నా వైపు చూసి చెప్పండి."